కాటా గదిలో కేబుల్ పీకే తీరు

మిర్యాలగూడ రైస్‌మిల్లు కాటా గదిలో నన్ను అన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

సూర్యాపేటలోని మా చిన్న కంపెనీ లారీ కాటాలకు కంప్యూటర్లు బిగిస్తుంది. బరువును తెరమీద చూపే ప్రోగ్రాం నాది. కాటా నుంచి ఆ అంకెను కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, మా సీనియర్‌ది. ఆయనది కోదాడ. పోయిన యాసంగిలో వడ్ల లారీలు రోడ్డుదాకా నిలిచి ఉండగా ఆ మిల్లు కంప్యూటర్ పదే పదే ఆగిపోయింది. సీనియర్ ఆఫీసు నుంచి స్పీకర్ ఫోన్‌లో మిల్లు సేటుతో, "మా మేడం కొత్తండీ, ఆవిడ రాసిన దాంట్లోనే ఏదో ఉంటుంది" అన్నాడు. నేను ఆ కాటా గదిలో సేటు పక్కనే ఉన్నాను. హమాలీలు కూడా విన్నారు.

తప్పు డ్రైవర్‌లో ఉందని తర్వాత తేలింది. ఆ ముక్క నాతోగానీ మిల్లువాళ్లతోగానీ ఎవరూ అనలేదు. కాటా కేబుల్ ఊడగానే డ్రైవర్ తాను వాడుకున్న మెమరీని వదిలేస్తుంది. బరువు చదివే టైమర్ మాత్రం ఆగకుండా, ఖాళీ చేసిన ఆ చోటులోనే అంకె రాస్తుంది. అప్పటికే ఆ చోటు ఇంకో ప్రోగ్రాం చేతికి పోయి ఉంటే కంప్యూటర్ కుప్పకూలుతుంది.

ఈ ఏడు ఆయన దాన్ని సరిచేసి, తప్పులుంటే పట్టి ఓకే చెప్పే రివ్యూకు నాకే పంపాడు. అంకె రాసే ముందు కేబుల్ ఉందో లేదో చూసే ఒక్క వరుస చేర్చాడు, అంతే. చూడటానికీ రాయడానికీ మధ్యలో ఊడితే? ముందు టైమర్‌ను ఆపాలి, అది మొదలుపెట్టిన పని ముగిసేదాకా ఆగాలి, ఆ తర్వాతే మెమరీని వదలాలి. అదే రాసి వెనక్కి పంపాను.

ఆయన భుజాన బ్యాగుతోనే నా టేబుల్ దగ్గరకొచ్చాడు.

"ఓకే కొట్టేయండి మేడం, కోదాడ బస్సు వెళ్లిపోతుంది. నేను కేబుల్ పీకి చూశాలెండి, ఏం కాలేదు."

"ఎట్ల పీకిన్రు సార్?"

"ఎలా పీకుతారు? పీకాను."

"మిల్లుల గట్ల పీకరు. సూడున్రి."

మిర్యాలగూడ కాటా ఆపరేటర్‌ను నేను రోజంతా చూసినదాన్ని. లారీ కాటా మీద ఇంకా కదులుతుండగానే, అంకె నిలవట్లేదని ఆయన కేబుల్ పీకుతాడు. ప్లగ్గులో ఉఫ్‌మని ఊదుతాడు, చొక్కాకు రుద్దుతాడు, సగం గుచ్చి మళ్లీ లాగుతాడు. ఆఫీసులోని పరీక్ష కాటా మీద మా కంపెనీ ఓనర్‌ను నిలబెట్టి, "సార్, జర అటూ ఇటూ ఊగున్రి" అన్నాను. పీకాను, ఊదాను, రుద్దాను, గుచ్చాను, లాగాను. మళ్లీ. మళ్లీ. తెర నీలంగా మారి బిగుసుకుపోయింది.

ఓనర్ కాటా దిగకుండానే నవ్వాడు. "ఇగ నీ బస్సు పోయినట్టే."

సీనియర్ బ్యాగు దించాడు. నేను రాసినట్టే మార్చాడు. ఈసారి చెయ్యి నొప్పి పుట్టేదాకా పీకాను. తెరమీద "కాటా లేదు" అని వచ్చేది, గుచ్చగానే ఓనర్ బరువు తిరిగొచ్చేది. అయినా నేను ఓకే నొక్కలేదు.

"ఇంకేంటి మేడం?"

"మిల్లుకు ఫోన్ చెయ్యున్రి. స్పీకర్ పెట్టున్రి, ఆడ గూడ పెట్టమనున్రి."

పోయినసారి తప్పు తన డ్రైవర్‌దేననీ, మేడంది కాదనీ ఆయన ఫోన్‌లో గొణిగాడు.

"ఏందీ?" అన్నాడు సేటు అటునుంచి. "గీడ లారీల మోత, హమాలీల లొల్లి. గట్టిగ చెప్పు!"

సీనియర్ గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. అటువైపు లొల్లి ఒక్కసారిగా తగ్గింది. అందరూ విన్నారు.

అప్పుడు నొక్కాను ఓకే.