బాపుకు నేనిచ్చిన ఉద్యోగం

అబద్ధం బస్సులో ఆడాను. అడిగినవాళ్లేమీ పోలీసులు కాదు. మాతోపాటు టర్కీ యాత్రకు వచ్చిన రిటైర్డ్ లెక్చరరమ్మ, ఆవిడ భర్త. "నాన్నగారు ఏం చేసేవారమ్మా?" అన్నారు. బాపు కిటికీ పక్కన నిద్రపోతున్నాడు. "నీళ్ల శాఖలో ఇంజనీరండీ" అన్నాను, తడుముకోకుండా.

శాఖ మాత్రం నిజమే. పాతబస్తీ మురుగు లైన్లలోకి దిగి పూడిక తీయడం ఆయన పని. ఉస్మాన్‌గంజ్‌లో ఏ మూత కింద ఏ పైపు ఎటు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఛత్రినాకలో మా గల్లీవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. బడిలో ఎవరైనా అడిగితే "గవర్నమెంటు ఉద్యోగం" అని తప్పించుకునేదాన్ని. అప్పుడంటే చిన్నదాన్ని. ఇప్పుడు నా జీతంతో ఆయన్ని విమానం ఎక్కించి కూడా అదే బుద్ధి. ఎక్కేముందు కొత్త సెంటు సీసా కొనిచ్చాను, రిటైరై ఇన్నేళ్లైనా ఆ వాసన ఉందేమోనని. సిగ్గులేనిదాన్ని.

మర్నాడు గ్రీకుల కాలంనాటి ఊరి శిథిలాలకు తీసుకెళ్లారు. అందరూ పాలరాతి స్తంభాల దగ్గర ఫోటోలకు ఎగబడ్డారు. బాపు వాటి వంక కూడా చూడలేదు. రాతి వీధి పక్కన ఒకచోట పలకలు లేచిపోయి మట్టి గొట్టాలు బయటపడ్డాయి. అక్కడ ఇస్త్రీ చొక్కాతోనే బోర్లా పడుకున్నాడు.

"బిడ్డా, ఇటు రా! నీళ్లు పారెటందుకు వాటం చూడు, ఎంత మంచిగ ఇచ్చిండ్రో. బేగంబజార్ల గిట్ల ఇచ్చి ఉంటే నాకు గన్నిసార్లు దిగుడే లేకుండె!"

యాత్ర మొదలయ్యాక ఆయన గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. ఏ గొట్టం ఇంట్లోంచి వస్తోందో, ఏది వీధిదో, చేయి లోపలికి పెట్టి చూపిస్తూ మురిసిపోతున్నాడు. నాకు మాత్రం ఎవరైనా వింటున్నారేమోనని ఒకటే గుబులు.

"లే బాపూ, బట్టలు ఖరాబైతున్నయ్" అన్నాను.

అంతలో లెక్చరరమ్మ ఇంకో నలుగురిని వెంటేసుకుని వచ్చేసింది. "మన ఇంజనీరుగారు ఉండగా గైడెందుకు? చెప్పండి సార్, ఆ రోజుల్లో మురుగు ఎలా పంపేవారు?" అంది.

సార్ ఎవరా అని బాపు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకు అర్థమైపోయింది. మా బాపు ఇంజనీరు కాదండీ, మురుగు లైన్లు బాగుచేసినవాడు, ఇంజనీర్లే ఆయన్ని అడిగేవాళ్లు అని ఒక్కమాట అంటే సరిపోయేది.

బాపు మెల్లగా లేచి, మట్టి అంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకేం తెలుస్తదమ్మా," అన్నాడు. "ఆఫీసుల కూసొని కాగితాలు చూసినోణ్ని. గివన్నీ లోపటికి దిగినోళ్లను అడగాలె."