మా చేనిలో పడిన చుక్క

నేను వెతికే జీవులు కంటికి ఆనవు. ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. నీళ్ళుంటే ఈదుతాయి, ఎండిపోతే చుట్టూ గుల్ల కట్టుకుని ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. ఏ దేశంలో ఏ రకం ఉంది, వాటి జన్యువుల్లో తేడా ఎంత అన్నది నా పరిశోధన. మేం గీస్తున్న ప్రపంచపటంలో పామిడి దగ్గరి మా ఊరి కుంటకూ ఒక చుక్క ఉండాలని పట్టుబట్టింది నేనే. మూడేళ్ళుగా నీళ్ళు చేరని కుంట అది. ఈ వేసవిలో మట్టి తేకపోతే ఆ చుక్క తీసేస్తానని మా గైడు ఖరాఖండిగా చెప్పేశారు.

సీసాలూ చిన్న మైక్రోస్కోపూ మోసుకుని ఊరికి పోతే కుంటలో మట్టే లేదు. వానలకు ముందు కుంట మట్టి తవ్వి చేలకు తోలుకోవడం మావాళ్ళ అలవాటు. చిన్నప్పటి నుంచి చూసినదాన్నే, చదువుల్లో పడి మరిచిపోయాను. అడుగున గట్టి గరుసు నేల తేలేదాకా గీకేశారు. అందరికంటే ముందు ట్రాక్టరు పెట్టింది మా నాయనేనట!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్లో ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేదని అరిచేశాను. ఆయన నిదానంగా విన్నాడు.

"మట్టి యాడికి పోతాది పాపా? చేన్లో కుప్ప అట్లే ఉండాది."

చేను మట్టి కలవకుండా కుప్ప మధ్యలోంచి తవ్వి తీశాను. పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్ళు పోసి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. అన్నానికి పిలిచిన అమ్మ మీద కూడా విసుక్కున్నాను. సాయంత్రం చూద్దును కదా, చిక్కుడుగింజ ఆకారంలో ఒకటి గిరగిరా తిరుగుతోంది! దాని వెనకే ఇంకో రెండు. నాయనను లాక్కొచ్చి చూపించాను. ఒక కన్ను మూయడం చేతకాక, అరచేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు.

మళ్ళీ ఎండలు ముదిరే వేళకు ఫలితం వచ్చింది. వాటి జన్యువుల్లో ఒక ముక్క ఎక్కడెక్కడి ఖండాల్లోని వాటితోనో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఇంకో ముక్క మాత్రం మా దగ్గరున్న దేనితోనూ కలవలేదు. చుక్క నిలిచింది. అయితే మట్టి ఎక్కడ తీశానో అక్కడే దాన్ని పెట్టాలన్నారు గైడు. అలా అది కుంట మీద కాకుండా మా శెనక్కాయ చేనిలో పడింది.

ఫోన్ చేసి నాయనకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఇన్నేండ్లుగా నేను విత్తింది ఒగటీ చేతికి రాలేదు. నువ్వు నీళ్ళు పోస్తే పొద్దుగూకేలోగా లేసినాయి. ఈతూరి విత్తేదానికి నువ్వే రా పాపా."

వస్తానన్నాను. ఆ రోజే లీవు చీటీ రాసి గైడు చేతిలో పెట్టాను.