సూపర్‌వైజరు గారి సరదా తోట

ఆ మూడంతస్తుల ఇంట్లో అందరూ అతన్ని సూపర్‌వైజరు గారనే పిలిచేవారు. అతను పనిచేసిన రంగుల ఫ్యాక్టరీ మూతపడి, అజమాయిషీ చెయ్యడానికి భార్యా కూతురూ తప్ప ఎవరూ మిగలకపోయినా ఆ పిలుపు మాత్రం పోలేదు. అది పోతే తనకంటూ ఇంకేం మిగలదని అతని భయం. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డ్యూటీకన్నట్టు బయల్దేరి, ఎక్కడెక్కడో తిరిగి ఇంటికి చేరేవాడు.

భార్య కుట్టుమిషను సంపాదన అద్దెకీ బియ్యానికీ సరిపోయేది. కూరల దగ్గరే చేతులెత్తేయాల్సి వచ్చేది. అందుకని ఫ్యాక్టరీలో పారేసిన రంగు డబ్బాలు డాబా మీదకి చేర్చి, అడుగున మేకుతో చిల్లులు కొట్టి, వంగ, బెండ, తోటకూర వేశాడు. అవి బుద్ధిగానే కాశాయి.

కింది వాటా అక్కయ్యగారు బట్టలారేయడానికి వచ్చి చూసింది.

"ఏంటి తమ్ముడూ, ఇంత తోట పెట్టేశావ్!"

"ఏదో సరదా అక్కయ్యగారూ. మందులు కొట్టిన కూరలు తినబుద్ధి కాక..."

పరువు కోసం ఆడిన ఆ అబద్ధం తిన్నగా వెళ్లి పంట మీద పడింది. సరదాకి పెంచేవాడు నలుగురికీ పెట్టకపోతే ఎలా? ఆవిడ నాలుగు బెండకాయలతో మొదలుపెట్టి తోటకూర కట్టల దాకా వచ్చింది. అతను కాదనలేక నవ్వుతూ కోసిచ్చేవాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని భార్య గొణుక్కునేది.

ఒక శనివారం ఆవిడ మళ్లీ వచ్చింది. "రేపు మా ఆడపడుచు వాళ్లు భోజనానికొస్తున్నారు తమ్ముడూ. కాసిని వంకాయలిస్తావా?"

మొక్కల మీద ఉన్నవే కాసిని. అన్నీ ఇచ్చేశాడు.

సాయంత్రం భార్య పైకెళ్లి ఖాళీ బుట్టతో దిగింది. అన్నంలో ఉప్పు కలిపి కూతురి ముందు పెట్టింది.

"నాన్నా, మన వంకాయలు మనం తినకూడదా?" అంది ఆ పిల్ల. ఎత్తిపొడుపు కాదు, తెలియకే అడిగింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం, చుట్టాలు భోంచేసి వెళ్లి ఉంటారనుకున్న వేళకి, కిందికి దిగాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. చుట్టాలొచ్చిన ఇల్లులా లేదు. అక్కయ్యగారూ, బస్సు డిపోలో పనిచేసే ఆమె భర్తా నేల మీద కూర్చుని తింటున్నారు. కంచాల్లో వంకాయ కూర తప్ప మరేమీ లేదు.

చెప్పదలచుకున్నది చెప్పేశాడు. "అది సరదా తోట కాదక్కయ్యగారూ. నాకు ఉద్యోగం లేదు. మా తిండికే వేసుకున్నా. ఇక ఇవ్వలేను."

ఆయన చేతిలోకి తీసుకున్న ముద్ద కంచంలోనే వదిలేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికెళ్లిపోయాడు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"చాన్నాళ్లుగా ఈయనకీ జీతం రావట్లేదు తమ్ముడూ. ఆడపడుచూ లేదు, ఎవరూ లేరు. నీకు సరదాయే కదా, అడిగితే తప్పేంటనుకున్నా. పిల్ల నోటి దగ్గరిదని తెలిస్తే ముట్టేదాన్నా?"

రాత్రంతా ఆవిడని మనసులో ఎన్ని మాటలన్నాడో అతనికి గుర్తొచ్చింది. తను చొక్కా ఇస్త్రీ చేసుకున్నట్టే ఆవిడ లేని చుట్టాలని పిలుచుకుంది, అంతే. "తినండక్కయ్యగారూ, చల్లారిపోతుంది" అని మాత్రం అని మెట్లెక్కేశాడు.

ఆ వారంలోనే ఆవిడకి రెండు డబ్బాలూ వంగ నారూ ఇచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరూ డాబా మీద నీళ్లు పోస్తుంటారు. పురుగుల గురించీ ఎరువు గురించీ మాట్లాడుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి మాత్రం ఇంకా మొహం చెల్లదు.