రెండు కార్బొరేటర్ల రెడ్డి

బెళుగుప్ప గోవర్ధనరెడ్డికి వాళ్ల నాయన వదిలిపోయిన ఎర్ర స్పోర్ట్స్ కారు తోట కొట్టంలో, బావికి నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ పక్కనే ఉంటుంది. రోజూ పొద్దున్నే పంచె ఎగగట్టి, భుజం మీది తువ్వాలుతోనే దాన్ని తుడుస్తాడు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. చేనులో ఒక్క వేరుశనగ చెట్టునైనా వంగి పట్టి చూసిన పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు.

2002లో వానలు ఎగ్గొట్టాయి. బావిలో మిగిలిన నీళ్లు ఒక్క తడికి సరిపోతాయనగా ఆయిల్ ఇంజన్ మొరాయించింది. రెడ్డి పొలాన్ని కోరుకు, పంటలో పాలుకు, చేసే ఎర్రన్న బతిమాలి, ఉరవకొండ నుంచి మెకానిక్ హబీబుల్లాను పిలిపించాడు. సరిగ్గా అదే రోజు బెంగళూరు నుంచి కారుకు కొత్త కార్బొరేటర్లు రెండూ, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనూ దిగాయి.

"ముందర దీన్ని కానీయప్పా. ఆ ఇంజన్ యాడికి పోతాది?" అన్నాడు రెడ్డి.

"చేను ఎండిపోతాండాది కదన్నా," అన్నాడు హబీబుల్లా.

"ఎండేది ఈ ఊరికి కొత్తా ఏమి?"

సాయంత్రానికి కారు డగడగమని అందుకుంది. రెడ్డి కళ్లు మూసుకుని, తలాడిస్తూ విన్నాడు. హబీబుల్లా భుజం తట్టి చూపిస్తే కళ్లు తెరిచాడు. ఆ చప్పుడు బావి ఇంజన్‌దే అనుకుని, దిగువ చేనులో ఎర్రన్న నీళ్లు మళ్లే మడవకు అడ్డమున్న మట్టి తీసేసి, పార మీద ఆనుకుని, ఎండు కాలువలోకి వంగి నీళ్ల కోసం చూస్తున్నాడు.

రెడ్డి కూడా చూశాడు.

"ఇంగ రోంత రేజ్ చెయ్యి," అన్నాడు.