ఎర్ర గీతల పైపు

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు కానీ, కరోనా కాలం తలుచుకుంటే వేరే జన్మలో సంగతిలా ఉంటుంది. కూరగాయలను సబ్బుతో కడిగాం, నోట్లకు ఇస్త్రీ చేశాం (మా అమ్మ ఒకటి మాడ్చింది కూడా). సూరత్‌లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టింది. నాకు పట్టిన శుభ్రం పిచ్చి మాత్రం మా మామ ప్రాణం మీదికి తెచ్చింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సిరిసిల్ల నుంచి సూరత్‌కు మగ్గాల పనికి వచ్చి, ఆ చప్పుడు పడక, అక్కడే పర్వత్ పాటియాలో హైడ్రాలిక్ రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. కింద షెడ్డు, పైన ఇల్లు. లాక్‌డౌన్‌లో షెడ్డులో పనిచేసే కారీగర్లంతా ఊళ్ళకు పోతే, డిప్లొమా చదివి ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచాడు. చేరిన కొద్దిరోజులకే మామకు కరోనా వచ్చింది. అత్త ఆయన్ని పైన గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసింది. ఆయన లేచి వచ్చేలోగా షెడ్డును అద్దంలా చేయాలని మేమిద్దరం నడుం కట్టాం. ప్రెషర్ పరీక్షించే సామానంతా అత్త కిందికి దించి వేరుచేసి ఇస్తే, నేను శానిటైజర్ కొట్టి తుడిచాను. గేజీలను సైజు ప్రకారం గోడకు, పైపులను పొడుగు ప్రకారం కొక్కేలకు, చిన్న నట్లను పోపుల డబ్బాలో సర్దాను. తుడుస్తుంటే పైపుల మీద మార్కర్‌తో రాసిన పిచ్చిరాతలన్నీ పోయి నల్లగా నిగనిగలాడాయి. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మామ కిందికి దిగిన రోజే సలాబత్‌పురా సేఠ్ ఒకాయన, బట్టల మూటలు నొక్కే ప్రెస్సు జాకీని టెంపోలో వేసుకొచ్చాడు. పరీక్షించి సాయంత్రానికి ఇవ్వాలి. మెట్లు దిగినందుకే ఆయాసపడుతున్న మామ, కొక్కేల దగ్గరికి వెళ్ళి ఒక్కో పైపునూ తిప్పి తిప్పి చూశాడు (మెచ్చుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను).

"ఎర్ర గీతల పైపేది బిడ్డా?"

"గీతలేంది మామా?"

"దాని మూతికాడ పట్టు వదిలింది. చూస్తె తెల్వది. ప్రెషర్ ఎక్కిందంటె మూతి ఊడి తుపాకి గుండు లెక్క వస్తది. ఎవ్వరు ముట్టద్దని ఎర్రగ ఇంటు మార్కు గీసి పెట్టిన."

కొక్కేలకు పైపులన్నీ ఒక్క తల్లి పిల్లల్లా వేలాడుతున్నాయి. అత్తకు చెబుదామన్నాను. మామ పైకి చూసి గొంతు తగ్గించాడు.

"చెప్తె ఇంకేమన్న ఉన్నదా? నన్ను మల్ల ఆ అర్రల వెట్టి గొళ్ళెం ఏస్తది. సప్పుడు చెయ్యకు. ఒక్కోటి పరీక్ష చేసి చూద్దాం."

పైపు కొస మూసి, గోనెసంచులు కప్పి, మందపాటి ఇనుప రేకు చాటున కూర్చుని చేతిపంపు కొట్టాలి. గేజీ మాత్రం రేకుకు అవతల ఉంది. తల బయటపెట్టి చూడబోతే ఆ తల మిగలకపోవచ్చు. అందుకని మామ ఫోన్‌ను గేజీ ముందు నిలబెట్టి, నా ఫోన్‌కు వీడియో కాల్ చేశాం (ఆ రోజుల్లో పెళ్ళిళ్ళే అలా చూశాం, గేజీ ఒక లెక్కా). మామ రెండు దెబ్బలు కొట్టేసరికే రొప్పాడు. ఇక నేనే కొట్టాను. ముల్లు పైకి పోతున్నకొద్దీ మామ "కొట్టు, ఇంకొంచెం, ఆగు" అంటుంటే నా వీపు మీద చెమట కారింది. ఒక్కో పైపు నిలబడుతోంది. నిలబడినందుకు సంతోషించాలో, పాడుది ఇంకా ముందుందని భయపడాలో తెలియలేదు.

చివరికి ఒక్కటి మిగిలింది.

"గిదే. నువ్వు బయటికి పో, నేను కొడ్త," అన్నాడు మామ. "నీకేమన్న అయితె మీ అమ్మకు ఏం జవాబు చెప్పాలె?"

"నీకైతే అత్తకు నేనేం చెప్పాలె?"

పంపు పిడి ఇద్దరం పట్టుకుని గుంజుకున్నాం. ఆయనకు దగ్గు వచ్చింది కాబట్టి నేను గెలిచాను. నేనే కొడుతున్నాను. ముల్లు సరిగ్గా పైకెక్కే వేళకు నా ఫోన్ మోగింది. గేజీ మాయమై, తెర నిండా అత్త ఫోటో వచ్చింది. "ఆగు," అన్నాడు మామ. పిడి వదిలేసి చెవులు మూసుకున్నాను. ఏమీ కాలేదు. మామ అత్త కాల్ కట్ చేశాడు. ముల్లు ఎక్కాల్సిన చోట బుద్ధిగా నిలబడి ఉంది.

అన్ని పైపులూ మంచివే. అప్పుడు పట్టుకుంది అసలు భయం. అంటే వీటిలో ఏదో ఒకటి పరీక్షకు తట్టుకుని, జాకీకి తగిలించాక ఊడిపోతుంది.

ఫోన్ ఎత్తలేదని అత్తే చాయ్ పట్టుకుని దిగింది. "ఏందయ్యా, రేకు సాటున ఏం జేస్తుండ్రు?" ఇక దాచి లాభం లేదని మామ నేల చూపులు చూస్తూ అంతా చెప్పాడు.

"ఎర్ర ఇంటు మార్కుదా? గది మొదటి రోజే పక్కకు వెట్టిన. ఖరాబ్ అయిందనే గద గీసినవు? పైన నల్లాకు కట్టి పుదీనకు నీళ్ళు పడుతున్న."

"మాకు చెప్పద్దా?" అన్నాడు మామ.

"నన్ను అడిగిండ్రా?"

మామకు నవ్వాగలేదు. జబ్బుపడ్డాక అదే మొదటి నవ్వు. నవ్వు దగ్గయింది. వీపు రాస్తూ తిడుతున్న అత్త, ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ అర్రలకెల్లి నిన్ను ఎట్ల బయటికి తెచ్చుకున్ననో నాకు తెలుసు. గీ పైపులకు ఇచ్చేటందుకా?" అని ఏడ్చింది. చాయ్ చల్లారిపోయింది, ఎవరమూ ముట్టలేదు. జాకీ మాత్రం సాయంత్రానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను వేరేచోట ప్రెషర్ పరీక్షల గది చూసుకుంటున్నాను. నా పైపులకు రాతలుండవు, అక్షరాలు చెక్కిన రేకు బిళ్ళలుంటాయి. మొన్న పాత ఫోటోలు కనబడ్డాయి. షెడ్డు నేనే సర్దానని చుట్టాలందరికీ పంపుకున్నవి. గేజీల పక్కన నేను, పైపుల పక్కన నేను, పోపుల డబ్బా పట్టుకుని నేను. నవ్వుకుంటూ అన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ అత్త లేదు.