అమ్మ వంట, నాన్న దగ్గు

సాయంత్రం ఆరయ్యేసరికి పక్కవాటా వాళ్ళ వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన గోడ దూకి మా ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ వాసన తగిలిందంటే ఇక నా చేతిలో పని సాగదు. ఈ వయసులో కూడా మనసులోనే గుడివాడలోని మా పెంకుటింటి వంటగదిలోకి వెళ్ళి, కంచం ముందు పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను.

రాత్రి భోజనమంటే మా ఇంట్లో ఆర్భాటమేమీ ఉండేది కాదు. ఒక పప్పో పులుసో, ఒక పచ్చడి, చివర్లో మజ్జిగ, అంతే. ముసురు పట్టిన రోజుల్లో కందిపప్పు దోరగా వేయించి, రెండు ఎండుమిరపకాయలు కలిపి రోట్లో బరకగా నూరిన పచ్చడి, దాని పక్కన పొగలు కక్కే చారు. చలికాలం వస్తే దివిసీమ నుంచి బస్సు టాపు మీద వచ్చిన లేత వంకాయల్ని నిప్పుల్లో కాల్చి, తొక్క ఒలిచి, చింతపండు రసంలో చేత్తో పిసికి, బెల్లం ముక్క వేసిన పచ్చిపులుసు. కాలవ నీళ్ళు కట్టేసి కూరలు దొరకని ఎండల్లో మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. తొక్కుడుబిళ్ళ ఆడి మోకాళ్ళ దాకా దుమ్ముతో వచ్చిన మేము, కాళ్ళు సరిగ్గా కడుక్కున్నామో లేదో, ఆవురావురుమంటూ కంచాల ముందు వాలిపోయేవాళ్ళం.

మా ఇంట్లో వండినవాళ్ళు రుచి చూడకూడదు. ముందు దేవుడి గూటి ముందు పెట్టి, ఆ తర్వాతే ఎవరి కంచంలోనైనా వడ్డించాలి. అది మా నాయనమ్మ శాసనం. "ఎంగిలి చేసి దేవుడికి పెడతారుటే ఎక్కడన్నా?" అనేది. అందుకని అమ్మ వంటంతా ముక్కుతోనే. మూత తీసి, ఆవిరి మొహానికి తగలనిచ్చి, ఉప్పు తగ్గిందో పులుపు ఎక్కిందో చెప్పేసేది. నాయనమ్మ ఎదురుగా మెచ్చుకోదు గానీ, పేరంటాల్లో మాత్రం "మా కోడలి ముక్కు ముందు నా నాలుకెంత!" అని గొప్పలు పోయేది.

ఒక వానాకాలం అమ్మకి విషజ్వరం వచ్చింది. మంచం దిగేసరికి జుట్టు సగం రాలిపోయింది. జుట్టు మళ్ళీ వచ్చింది గానీ వాసన తెలియడం మళ్ళీ రాలేదు. ఆ సంగతి నాన్నకొక్కడికే చెప్పుకుంది. నాయనమ్మకి తెలిస్తే పొయ్యి దగ్గరకి రానివ్వదని అమ్మ భయం. ఆ ఇంట్లో అమ్మకి తనదంటూ ఉన్నది ఆ పొయ్యి ఒక్కటే.

నాన్న రైసుమిల్లులో గుమాస్తా. అప్పటిదాకా వీధరుగు మీద కూర్చునేవాడు, పేపరు పట్టుకుని వంటింటి కిటికీ కిందకి మకాం మార్చాడు. పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునే రోజులా అవి! పోపు వేగగానే ఒకసారి దగ్గేవాడు, అడుగంటుతుంటే రెండుసార్లు. మిల్లులో తవుడు దుమ్ము పడలేదనుకుని నాయనమ్మ రోజూ మిరియాల కషాయం కాచి ఇచ్చేది. ఆయన కిమ్మనకుండా తాగేవాడు. ఆ దగ్గు ఎందుకో అప్పట్లో మాకెవరికీ తెలియదు, వంట మాత్రం ఎప్పట్లాగే కుదిరేది.

ఒకరోజు మిల్లు పనిమీద నాన్న బందరు వెళ్ళాడు. సాయంత్రం రైలు వేళకి రాలేదు. అమ్మ లాంతరులో కిరసనాయిలు పోస్తుంటే చేతుల మీద ఒలికింది. కడుక్కుంది. మనమైతే వాసన పోయేదాకా మళ్ళీ మళ్ళీ తోముకుంటాం. పోయిందో లేదో ఆవిడకి తెలిసేదెట్లా? ఆ చేతులతోనే వంకాయల్ని చింతపండు రసంలో పిసికింది.

నాయనమ్మ గిన్నె తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టి మూత తీసింది.

"ఇదేంటే అమ్మాయ్! దేవుడికి కిరసనాయిలు నైవేద్యమా?"

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "నాకు వాసన తెలవదండీ అత్తయ్యగారూ. జ్వరం వచ్చినప్పట్నుంచీ అంతే" అంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నాయనమ్మ తిట్టలేదు. గిన్నె మీద మళ్ళీ మూత పెట్టి, "పిల్లలు తినే కూడే తల్లీ, ఏదన్నా అయితే ఎవరేం చేస్తాం? రేపట్నుంచి నేను చూసుకుంటాలే" అంది. ఆ మాట తప్పని ఎట్లా అనను? రైలు దిగి వచ్చిన నాన్న అంతా విని, చొక్కా విప్పి కొయ్యకి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మకి ఎదురుచెప్పి ఎరగని మనిషి. ఆ తర్వాత ఆయన మళ్ళీ వీధరుగు మీదే కూర్చున్నాడు, దగ్గు కూడా పోయింది. తన కషాయానికే పోయిందని నాయనమ్మ చివరిదాకా నమ్మింది.

అమ్మ కత్తిపీట ముందుకి వచ్చింది. ఏళ్ళ తరబడి కూరలు తరిగి, బియ్యం ఏరి, పొయ్యివైపు వీపు పెట్టి కూర్చునేది. నాయనమ్మ పోయాక పొయ్యి మళ్ళీ అమ్మ చేతికొచ్చింది గానీ, అప్పటికి ఆవిడకి మూత తీసి ఆవిరి చూసే అలవాటే పోయింది. వండి వడ్డించి మా మొహాల వంక చూసేది. మేం బాగుందనేవాళ్ళం.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, రోలు లేదు, నిప్పుల్లో వంకాయ కాల్చే పొయ్యీ లేదు. ఆ ఇంటివాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. అమ్మ ఆఖరి రోజుల్లో నా దగ్గరే ఉండేది. ఒక సాయంత్రం నేను వంట చేస్తుంటే నెమ్మదిగా వచ్చి నా పక్కన నిలబడింది.

"చారు పొంగుతోందిగా. ఎట్టా ఉందే వాసన?"

"బాగుందమ్మా."

"బాగుందని నాకూ తెలుసులేవే. ఎట్టా ఉందో చెప్పు. మర్చిపోయా."

"పుల్లగా, ఘాటుగా..."

"అది నాలుకకి తెలుస్తుందిగా. వాసన చెప్పమ్మా."

చెప్పాలని చూశాను. దేవుడా, ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు. అమ్మ నా మొహంలోకి చూసి, "పోన్లే, మంట తగ్గించు" అని వెళ్ళిపోయింది.