సూనృత అని పేరు పెట్టిన టీచర్

నిన్న పొద్దున దుకాణంలో జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంటే ఒక ఫోను పేర్లు చదవడం మొదలుపెట్టింది. కొలతలివ్వడానికి వచ్చిన నిండు గర్భిణి స్టూలు మీద కూర్చుని, పుట్టబోయే బిడ్డకు పేరు వెతుక్కుంటోంది. ఫోనులోని ఆడగొంతు సంస్కృతపు పేర్లను దీర్ఘాలు మింగేసి, ఒత్తులు వదిలేసి పలుకుతోంది. పేరు, దాని అర్థం, దాన్ని ఎంతమంది పెట్టుకున్నారో ఆ సంగతి. "గిదైతే ఎవ్వరికీ లేదంట ఆంటీ!" అని ఆ పిల్ల సంబరంగా తలెత్తింది. పన్నెండేళ్ల కింద మా ఇంట్లోనూ ఇదే సంబరం. ఆ గొంతు వింటున్నంతసేపూ నాకు ఎస్తేరు టీచర్ పలుకే గుర్తొచ్చింది. ఆమె ఒక మాట పలికితే అందులోని ప్రతి అక్షరానికీ దాని వంతు దొరికేది.

పెళ్లయి సిరిసిల్ల నుంచి అమీర్‌పేటకు వచ్చినప్పుడు మేం కింది పోర్షన్‌లో దిగాం. పై పోర్షన్‌లో ఆమె ఒక్కతే ఉండేది. గోదావరి జిల్లా మనిషి. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి సంస్కృతం చెప్పి రిటైరైంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది, మిగతా రోజులు లావుపాటి నిఘంటువుల ముందు కూర్చునేది. చర్చిలో కొందరు నీకు సంస్కృతమెందుకని అడిగేవారట. కాలేజీలో కొందరు మీరు సంస్కృతం చెబుతారా అని ఆశ్చర్యపోయేవారట. "ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాను పద్మా. నాకిష్టం అని" అనేది నవ్వుతూ. నేను కుట్టుపని మొదలుపెట్టిన కొత్తలో ఆమే మొదటి గిరాకీ. ఆమె తెల్ల జాకెట్టుకు ఒక చెయ్యి పొట్టిగా కోశాను. భయపడి, బట్ట తక్కువొచ్చింది టీచర్ అన్నాను. ఆమె జాకెట్టును వెలుతురులో పట్టుకుని చూసి, "బట్ట తక్కువైందా, కోత తప్పిందా?" అని అడిగింది. నేను తలదించుకుని కోత తప్పిందని ఒప్పుకున్నాను. "సరే, ఇప్పుడేం చేద్దామో చూద్దాం" అని నా పక్కన చాప మీద కూర్చుంది. తప్పు ఒప్పుకున్నాక కూడా మనిషి ముందు కూర్చోవచ్చని నాకు ఆ రోజు తెలిసింది.

పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో నాకు ఆడపిల్ల పుట్టింది. శతభిషం నాలుగో పాదం, పేరు 'సూ'తో మొదలవ్వాలన్నాడు పంతులు. మా మరిది నరేశ్ మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు నేర్చుకునేవాడు. పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజుకు వారం ముందు ఇంటర్నెట్‌లోంచి ఒక జాబితా పట్టుకొచ్చాడు. "వదినా, గీ పేరు జూడు, సూరిష. సూర్యుని బిడ్డ అని అర్థమంట. మస్తు నడుస్తున్నది గిప్పుడు." అప్పుడే పాపను చూడవచ్చిన టీచర్ ఆ కాగితం తీసుకుని పైకి వెళ్లి, గంట తర్వాత దిగివచ్చింది. "ఈ మాట నాకెక్కడా కనపడలేదు బాబూ. తప్పని అనను. నాకు తెలియదు, అంతే" అంది. మరి మీరే ఒకటి చెప్పండని అడిగితే, "సూనృత" అంది. "నిజమైన మాట అని. ఊరికే నిజమైతే చాలదు, వినేవాళ్లకి ప్రియంగా కూడా ఉండాలి. పాత మాటేగానీ పెట్టుకునేవాళ్లు తక్కువ." నరేశ్ పరుగున పోయి వెతికొచ్చాడు. "ఒక్కలకు సుత లేదు వదినా! మన పాపే ఫస్టు!" మా అత్తకు ఎంతకీ నోరు తిరగలేదు. సూనమ్మా అని పిలుచుకుంది.

పాపకు తొమ్మిదో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం టీచర్ కిందికొచ్చి, "మిషను ఆపు పద్మా" అంది. ఆపాను. "పాపకి వినపడట్లేదేమోనని నా అనుమానం. వెనకనుంచి పిలిస్తే తిరగట్లేదు. చప్పట్లు కొట్టి చూశాను, గంట మోగించి చూశాను." నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం మాటలు టీచర్ గివి! మంచిగ నవ్వుతది, మంచిగ ఆడుతది నా బిడ్డ." ఆమె వాదించలేదు. "నా అనుమానం తప్పైతే నాకంటే సంతోషించేవాళ్లుండరు. రేపు వెళ్దాం, నేనూ వస్తాను." పాపకు నిద్రమందిచ్చి, నుదుటికి వైర్లు అంటించి పరీక్ష చేశారు. రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువ. ఇంకా ముందే తెలిస్తే బాగుండేదని డాక్టరమ్మ అంటుంటే, నా పక్కన కూర్చున్న టీచర్ నేలవైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంట్లో ఏడుపులు అయ్యాక మాట పేరు మీదికి మళ్లింది. "మాట అని పేరు పెడితిరి, బిడ్డకు మాటే లేకపాయె. గా పేరు తీసెయ్యిండ్రి, లక్ష్మి అని పెట్టుండ్రి" అని మా అత్త కళ్లొత్తుకుంది. పుట్టిన పత్రంలో పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది, ఏడాది నిండేలోపు రాయించాలి. నేను ఆ ఫారం పట్టుకుని పైకి వెళ్లాను. నిజం చెప్పాలంటే, ఆమెను నాలుగు మాటలు అనాలనే వెళ్లాను. "పేరు మారుస్తున్నం టీచర్" అన్నాను.

"మార్చుకో పద్మా. పాప మీది, పేరూ మీదే" అంది. తర్వాత కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. "కానీ నీకొకటి చెప్పాలి. విన్నాక నన్నేమైనా అను. నాకు ఆ అనుమానం పాపకి నాలుగో నెల్లోనే వచ్చింది. నీ సంతోషం చూసి చెప్పలేకపోయాను. రేపు చెబుదాం, ఆదివారం ప్రార్థన చేసుకుని చెబుదాం అనుకుంటూ ఐదు నెలలు పోనిచ్చాను. అవి పాప నెలలు. నేను పోగొట్టాను."

మెట్లు దిగి వచ్చేశాను. పది రోజులు ఆమె ముఖం చూడలేదు. ఆమె చెప్పకపోయి ఉంటే ఆ సంగతి నాకు ఎన్నటికీ తెలిసేది కాదని నాలుగైదు రోజుల తర్వాతగానీ తట్టలేదు. తట్టినా కోపం తగ్గలేదు. పదో రోజు నరేశ్ వచ్చి, "వదినా, టీచర్ పంజాగుట్టల సైగల భాష క్లాసుకు పోతున్నది. పోరగాళ్ల నడుమ కూసోని రాసుకుంటున్నది" అన్నాడు. సాయంత్రం తలుపు సందులోంచి చూశాను. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని, వంకర పోయిన ముసలి వేళ్లతో ఏదో ఆకారం పదేపదే కడుతోంది. కుదరక, మళ్లీ కడుతోంది. నేను పాపనెత్తుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. "నాకు సుత నేర్పుండ్రి" అన్నాను. ఆమె పాప వైపు తిరిగి, నన్ను చూపించి, 'అమ్మ' అని చేత్తో చెప్పింది. పాప ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఫారంలో సూనృత అని నేనే రాశాను. అత్త అలిగి రెండు పూటలు తినలేదు. తర్వాత ఆమె కూడా 'అన్నం', 'దా', 'నా బంగారం' నేర్చుకుంది. వినికిడి మిషను పెట్టాక పాపకు కొన్ని మాటలొచ్చాయి, చేతులతో మాత్రం లోకమంతా మాట్లాడుతుంది. ఈమధ్య తన పేరు పేర్ల జాబితాల్లోకి ఎక్కిందనీ, 'చక్కని అమ్మాయి' అని అర్థం రాశారనీ నరేశ్ చూపిస్తే, అది తప్పని గాల్లోనే పెద్ద అడ్డగీత గీసింది.

మూడేళ్ల కింద టీచర్ ఆసుపత్రిలో పడింది. గొంతులో గొట్టం వేశారు. పిల్లలు లోపలికి రావడానికి వీల్లేదన్నారు. రెండో రోజు నర్సే బయటికొచ్చి, "ఆమె చేతులతో ఏందో చెప్తున్నది, మాకు సమజైతలేదు, మీకెవరికన్న తెలుస్తదా?" అని అడిగింది. తొమ్మిదేళ్ల నా కూతురు లోపలికి వెళ్లింది. దాహం. కాలికింద దిండు. కిటికీ తెర తీయమని. ఒక్కొక్కటే చూసి మాకు చెప్పింది. ఆ తర్వాత టీచర్ నావైపు తిరిగి ఏదో అడిగింది. "ఇంటికి... ఎప్పుడు?" అని పాప తన విరిగిన మాటల్లో పలికింది. ఇక లాభం లేదని డాక్టరు అప్పటికే బయట మాతో చెప్పాడు. రేపో ఎల్లుండో అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి. "ఇగ ఇంటికి పోయేది లేదు టీచర్. మేం ఈడనే ఉంటం. ఎక్కడికీ పోం" అన్నాను. పాప నా పెదవులు చూసి, టీచర్‌కు వినపడుతున్నా అలవాటుగా ఆ మాటనంతా చేతుల్లో పెట్టి ఆమెకు అందించింది. టీచర్ మెల్లగా ఒక్క సైగ చేసింది. "భయం... తగ్గింది... అంటోంది" అంది పాప. మేం అన్నట్టుగానే ఉన్నాం. రెండు రోజులకు, తెల్లవారాక పోయింది.

ఆ ఐదు నెలల మీద నాకున్న బాధ పూర్తిగా పోయిందని చెప్పను. ఆమె మీద ప్రేమతోపాటు అదీ ఉంది. ఆమె పోయిన రోజు ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు పంజాగుట్టలో ఆటో ఆగితే పాప నన్ను తట్టి అడిగింది, ఇంటికి పోయేది లేదని ఎందుకు చెప్పావు, టీచర్ ఏడిస్తే ఏం చేసేదానివి అని. ఏడిస్తే పక్కనే ఉన్నాం కదా అని చేతులతో చెప్పాను. కష్టమైన మాట ఎవరికైనా చెప్పవలసి వస్తే ఇప్పటికీ ముందు ఆ ఒక్కటే చూసుకుంటాను, చెప్పాక లేచిపోకుండా వాళ్ల దగ్గర కూర్చోగలనా అని. కూర్చోగలననుకుంటే, ఇక ఆలస్యం చేయను.